విననివాడిదే గెలుపు

డిసెంబరు మాసంలో యూరపులోనూ అమెరికాలోనూ ఆడుకొనే ఒక వినోదక్రీడను గురించి ఈ సంచికలో ముచ్చటించదలచాము. దీనికి బల్ల, పాచికలు, బంతి, జట్టు ఏవీ అక్కరలేదు. ఒకే ఒక పాట చెవిన పడకుండా రోజులు గడపడమే ఆట. ఆ పాట, వామ్ అనే ఆంగ్ల గాయకద్వయం 1984లో విడుదల చేసిన 'లాస్ట్ క్రిస్మస్'. ఆట పేరు వామగెడ్డన్. డెన్మార్కుకు చెందిన కొందరు మిత్రులు తమలో తాము సరదాకు మొదలుపెట్టిన ఈ ఆట 2010 దశకంలో సామాజిక మాధ్యమాల ద్వారా బ్రిటన్‌కూ తక్కిన దేశాలకూ పాకింది. బెంగుళూరు, చెన్నై, ముంబై, పూణే నగరాల్లో చదువుకొంటున్న మన విద్యార్థుల్లో కూడా దీన్ని ఎరిగినవారు ఉన్నారు.

ఇంత చిన్న సరదాకు తెలుగు పీఠం పత్రికలో చోటెందుకని కొందరికి అనిపించవచ్చు. పొడుపుకథలు, నోరు తిరగని వాక్యాలు, చెమ్మచెక్క పాటలు సాహిత్యవిద్యార్థి పరిశీలించదగినవేనని మనం ఏనాడో ఒప్పుకొన్నాం. జనం కూడి, నియమాలు ఏర్పరచుకొని, వాటికి పేర్లు పెట్టుకొని, ఓటమిని చమత్కారంగా చెప్పుకొనే ప్రతి ఆటలోనూ భాష ఉంది, రసం ఉంది. ఆ ఆట పుట్టిన ఊరు మనది కాకపోవడం విమర్శకు అడ్డు కాదు. పైగా 'వదిలివేయడం' అనే పనిని కళగా సాధన చేసిన సాహిత్యం మనది. ఆ కోణం నుంచి ఈ ఆటను తూచి చూడవచ్చునని మా ఉద్దేశం.

ఆట నియమాలు

నియమాలు నాలుగే. డిసెంబరు 1వ తేదీ మొదలుకొని 24వ తేదీ ముగిసేదాకా ఆ పాట వినకుండా ఉండాలి. రెండోది, మూల గాయకులు పాడిన పాటకు మాత్రమే ఈ నిషేధం. ఇతరులు పాడినవీ, మార్చి కూర్చినవీ విన్నా దోషం లేదు. మూడోది, పాటను గుర్తుపట్టిన క్షణంలోనే ఆటగాడు ఓడినట్లు. నాలుగోది, ఓడినవాడు ఆ సంగతి తానే నలుగురికీ చాటుకోవాలి.

ఈ నాలుగింటిలో కావ్యలక్షణం కలిగినవి మూడోదీ నాలుగోదీ. పాట గాలిలో ఉంటే చాలదు, చెవికి సోకితే చాలదు, మనస్సు దాన్ని 'ఇది అదే' అని పోల్చుకోవాలి. అంటే ఓటమి జరిగేది ఆటగాడి లోపల. దానికి సాక్షి అతడొక్కడే. అందుచేతనే నాలుగో నియమం అవసరమైంది. న్యాయనిర్ణేత లేని ఆటను నిజాయితీ ఒక్కటే నిలబెడుతుంది. ఆటలో మోసం చేసేవాడికంటె ఆటను చెడగొట్టేవాడే ఎక్కువ ప్రమాదకారి అని డచ్చి పండితుడు హొయిజింగా 1938 నాటి 'హోమో లూడెన్స్' గ్రంథంలో వాదించాడు. మోసగాడు నియమాన్ని గౌరవిస్తున్నట్లు నటిస్తాడు గనుక ఆట నడుస్తూనే ఉంటుంది, చెడగొట్టేవాడు ఆ లోకాన్నే లేదంటాడు. ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ 2023 డిసెంబరు తొలి రోజుల్లో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో జరిగింది. ఫుట్‌బాల్ పందెం విరామంలో క్రీడాంగణంలో పాటలు వేసే వ్యక్తి ఏడువేల పైచిలుకు ప్రేక్షకుల ముందు ఈ పాటను వేశాడు. తమాషా అనుకొన్నాడు. ఒక్క క్షణంలో ఆట నుంచి వెళ్ళిపోయామని పలువురు మొర పెట్టుకొన్నారు. చివరకు అతడు పత్రికాముఖంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వార్త నవ్వు పుట్టించేదే అయినా, ఒక ఉత్తుత్తి నియమం జనం మనస్సుల్లో ఎంత గట్టిగా నాటుకోగలదో అది చూపిస్తుంది.

పాట

ఆటను విచారించే ముందు పాటను విచారించాలి. దీన్ని రచించి, స్వరపరచి, కూర్చినవాడు జార్జ్ మైకేల్. తన సహచరుడు ఆండ్రూ రిడ్జ్‌లీతో కలిసి తల్లిదండ్రుల ఇంటికి వచ్చిన ఒకనాడు, చిన్ననాటి తన పడకగదిలోకి వెళ్ళి ఈ పాట పల్లవి కట్టుకొని వచ్చాడని ప్రసిద్ధి. 1984 ఆగస్టులో, అంటే లండనులో ఎండ కాసే రోజుల్లో, దీన్ని రికార్డు చేశారు. వాద్యాలన్నీ జార్జ్ మైకేల్ తానే వాయించాడు. అవి కూడా పట్టుమని నాలుగు లేవు. ఒక సింథసైజరు, ఒక డ్రమ్ యంత్రం, బండి మువ్వలు. పాట పొడుగునా నాలుగు స్వరమేళనాలే తిరుగుతూ ఉంటాయి. ఎక్కడా ఆగినట్లు, ముగిసినట్లు అనిపించని ఈ చక్రభ్రమణమే పాట నాలుక మీద అతుక్కుపోవడానికి ముఖ్యకారణమని మా అభిప్రాయం.

ఆ సంవత్సరం డిసెంబరులో పాట విడుదలైంది. ఇథియోపియా కరువు సహాయార్థం పలువురు గాయకులు కలిసి పాడిన 'డు దే నో ఇట్స్ క్రిస్మస్' అదే సమయంలో వచ్చి మొదటి స్థానం దక్కించుకొంది. 'లాస్ట్ క్రిస్మస్' రెండో స్థానంలో ఆగిపోయింది. విశేషమేమంటే మొదటి స్థానం గెలిచిన ఆ బృందగానంలో జార్జ్ మైకేల్ కూడా పాడాడు. తన పాటను తానే ఓడించినవాడయ్యాడు. తన పాట మీద వచ్చిన రాబడిని కూడా ఆ కరువు నిధికే ఇచ్చాడు.

పాటలోని వస్తువు పండుగ కాదు. దేవుడి ప్రసక్తి లేదు, పశువులపాక లేదు, నక్షత్రం లేదు. నిరుడు ఈ రోజుల్లో మనసిచ్చిన వ్యక్తి మర్నాటికే దాన్ని తోసిపుచ్చింది. ఈ ఏడు మళ్ళీ ఎదురుపడింది. దూరంగా మసలుకోవాలని నాయకుడు నిశ్చయించుకొంటాడు, చూపు మాత్రం తిప్పుకోలేకపోతాడు. ఈసారి మనసును మరింత యోగ్యమైన చోట పెడతానని పదే పదే చెప్పుకొంటాడు. అన్నిసార్లు చెప్పుకోవలసి రావడంలోనే ఆ నిశ్చయం ఎంత బలహీనమో తెలుస్తుంది. మన లక్షణకారుల మాటల్లో చెప్పాలంటే ఇది విప్రలంభమే, పండుగ ఉద్దీపన విభావం. చుట్టూ ఉన్న సంబరం నాయకుడి వెలితిని రెట్టింపు చేస్తుంది.

ఇక్కడ మేము ముఖ్యంగా చెప్పదలచినది ఒకటి ఉంది. 'తప్పించుకోవాలి, కాని తప్పదు' అన్నదే ఈ పాట సారం. ఆట సారం కూడా అదే. కిందటేడు ఓడినవాడు ఈ ఏడు జాగ్రత్తగా ఉంటానని డిసెంబరు 1న ఒట్టు పెట్టుకొంటాడు. నాలుగో నాడో పదో నాడో ఏ దుకాణం గుమ్మంలోనో ఎదురుపడుతుంది. ఆటగాడు తనకు తెలియకుండానే పాటలోని నాయకుడి పాత్ర ధరిస్తున్నాడు. ఈ పాటను కాక మరొక పాటను ఎన్నుకొని ఉంటే ఆట ఇంతగా పండేది కాదు.

పేర్లలోని చమత్కారం

భాషావిద్యార్థులు ఆట పేరును గమనించాలి. వామ్ అనే బృందం పేరు, ఆర్మగెడ్డన్ అనే మాట కలిసి వామగెడ్డన్ అయింది. ఇది మన సమాసం వంటిది కాదు. రెండు పదాలూ కొంత కొంత కోతపడి ఒకదానిలో ఒకటి ఒదిగిన సంకరపదం. ఆర్మగెడ్డన్ బైబిలులోని ప్రకటన గ్రంథంలో కడపటి మహాయుద్ధం జరిగే చోటు. తెలుగు బైబిలులో అది హార్‌మెగిద్దోను. హెబ్రూలో 'హార్' అంటే కొండ, మెగిద్దో ఊరి పేరు. ఇంగ్లీషువారు ఆ మాట తోకను తెంచి ప్రత్యయంలాగా వాడుకోవడం మొదలుపెట్టారు. 2010లో వాషింగ్టన్‌ను ముంచిన మంచును స్నోమగెడ్డన్ అన్నారు. 2011లో లాస్ ఏంజిలిస్‌లో ఒక పెద్ద రహదారి మూసివేతను కార్మగెడ్డన్ అన్నారు. కొండా ఊరూ కలిసిన స్థలనామం చివరికి 'పెద్ద ఉపద్రవం' అనే అర్థమిచ్చే ముక్కగా మిగిలింది. ఒక ధాతువు గాని శబ్దం గాని మూలార్థం జారవిడిచి ప్రత్యయంగా స్థిరపడడం మన భాషలోనూ ఉన్నదే. అయితే అది శతాబ్దాల్లో జరిగే పని. ఇక్కడ కొద్ది దశాబ్దాల్లోనే జరిగింది.

ఓడినవారు చేరే చోటుకు వామ్‌హల్లా అని పేరు పెట్టారు. ఉత్తర యూరపు పురాణాల్లో యుద్ధంలో మడిసిన శూరులు చేరే మందిరం వల్‌హల్లా. దీనికి తెలుగులో మాట వెదుక్కోనవసరం లేదు. మనకు వీరస్వర్గం ఉంది. 'ఫలానావాడు పదకొండో తారీఖున కూరగాయల దుకాణంలో వీరస్వర్గం అలంకరించాడు' అంటే ఆ హాస్యం పూర్తిగా దిగివస్తుంది. అల్పమైన వస్తువుకు మహత్తరమైన మాటను తొడిగి నవ్వించే ఈ పద్ధతి మన చాటుకవులకు వెన్నతో పెట్టిన విద్య.

అనువాదానికి లొంగనిది మాత్రం పాట పేరే. 'లాస్ట్' అనే ఇంగ్లీషు మాటకు కిందటిది అనీ కడపటిది అనీ రెండర్థాలు. పాటలో మొదటి అర్థమే వివక్షితం. కాని జార్జ్ మైకేల్ 2016లో సరిగ్గా డిసెంబరు 25న కన్నుమూశాడు. ఆనాటి నుంచి ఆ పేరులో రెండో అర్థం కూడా వినిపించసాగింది. కవి ఉద్దేశించని శ్లేష ఇది, కాలం కూర్చిన శ్లేష. తెలుగు అనువాదకుడు 'కిందటి' అనో 'ఆఖరి' అనో ఏదో ఒకటి ఎంచుకొని తీరాలి. ఎంచుకొన్న క్షణంలో రెండోది పోతుంది. భాషలు మాటల్లోనే కాక, మాటలు దాచుకొనే సందుల్లో కూడా వేరుపడతాయనడానికి ఇది మంచి పాఠం.

వదిలివేసే విద్య

నిషేధాన్ని ఆటగా మార్చుకోవడం మనకు కొత్త కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం ఉంది. అవధాని పద్యాన్ని ఒక్కొక్క అక్షరంగా చెబుతూ పోతుంటే, తరువాత ఏ అక్షరం రాబోతుందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఛందస్సు చెడకుండా, అర్థం చెడకుండా మరో అక్షరం వైపు మళ్ళాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసిన కాలం నుంచి సభికులను కుర్చీల అంచున కూర్చోబెట్టిన అంశం ఇది.

అంతకు ముందే కావ్యస్థాయిలో ఈ ప్రయోగాలు జరిగాయి. దండి దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడు పెదవి గాయమై ఉన్నందున ఓష్ఠ్యాలు లేకుండా తన కథ మొత్తం చెబుతాడు. పదహారో శతాబ్దిలో మరింగంటి సింగరాచార్యులు 'దశరథరాజనందన చరిత్ర'ను నిరోష్ఠ్యంగా రచించాడు. పెదవులు కలిపి చూడకుండా ఆ గ్రంథనామాన్ని పలికి చూడండి, పలకవచ్చు. పొన్నెగంటి తెలగన తత్సమాలను తోసిరాజని అచ్చతెలుగులో యయాతి చరిత్రను కూర్చాడు. సరదాకు ఒక మాట. వామ్ అనే పేరులో మొదటిది దంత్యోష్ఠ్యం, చివరిది ఓష్ఠ్యం. నిరోష్ఠ్యకవి ఈ బృందం పేరే ఎత్తలేడు. ఆ మేరకు ఈ ఆటలో అతనిది తిరుగులేని స్థానం.

పోలిక ఇక్కడితో ఆగుతుంది, భేదం మొదలవుతుంది. నిషిద్ధాక్షరిలో అడ్డు ఎంత ఇరుకైతే సృష్టి అంత వికసిస్తుంది. అవధాని తప్పించుకొన్న ప్రతి అక్షరానికి బదులు మరొకటి పుడుతుంది, చివరకు పద్యం మిగులుతుంది. వామగెడ్డన్‌లో గెలిచినవాడికి మిగిలేది ఇరవైనాలుగు రోజుల లేమి. అవధాని వాడేది నేర్పు. ఈ ఆటగాడికి ముఖ్యంగా కావలసింది అదృష్టం. ఫ్రెంచి పండితుడు రోజే కైవా 1958లో ఆటలను పోటీ, అదృష్టం, అనుకరణ, మైకం అని నాలుగు తెగలుగా విభజించాడు. ఆ లెక్కన ఇది పోటీ వేషం వేసుకొన్న అదృష్టక్రీడ. అనవసరమైన అడ్డంకులను కోరి తెచ్చుకొని దాటడానికి యత్నించడమే ఆట అని బెర్నార్డ్ సూట్స్ 1978లో ఇచ్చిన నిర్వచనం మాత్రం దీనికి అతికినట్లు సరిపోతుంది. పాట వింటే వచ్చే నష్టం ఏమీ లేదు. వినరాదని అనుకొన్నాం గనుకనే నష్టం.

వైరభక్తి

మందు మింగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. రోగి జన్మలో ఎన్నడూ కోతిని అంతగా తలచుకొని ఉండడు. దీన్నే 1987లో అమెరికా మనశ్శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటితో పరీక్షించి చూశాడు. తలచవద్దని చెబితే తలపు పదే పదే వచ్చింది, ఆ నిషేధం ఎత్తివేశాక మరింతగా వచ్చింది. వామగెడ్డన్ ఆడేవారి స్థితి ఇదే. మామూలు మనిషికి దుకాణంలో మోగే పాట వినిపించీ వినిపించనట్లు పోతుంది. ఆటగాడు ప్రతి గుమ్మం దగ్గరా చెవులు రిక్కిస్తాడు. ప్రతి మువ్వల చప్పుడుకూ ఉలిక్కిపడతాడు.

భాగవతం చదివినవారికి ఇది వైరభక్తిగా కనిపించక మానదు. కంసుడు భయంతో, శిశుపాలుడు ద్వేషంతో హరిని విడువక తలచారు. కూర్చున్నా నిలుచున్నా తింటున్నా కంసుడికి ఆయనే కనిపించాడు. భక్తుడికి కూడా సాధ్యపడని ఏకాగ్రత శత్రువుకు సాధ్యపడింది. ఈ ఆట ఆడేవాడు ఆ పాటకు అటువంటి భక్తుడు. అలంకారశాస్త్ర పరిభాషలో ఇది వ్యాజస్తుతి. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును దెప్పుతూనే కీర్తించినట్లు, ఈ ఆటగాళ్ళు పాటను వెలివేస్తూనే నెత్తిన పెట్టుకొన్నారు. ఆట వ్యాపించిన కాలంలోనే పాట దశ కూడా తిరిగింది. విడుదలైన ముప్పైఆరేళ్ళకు, 2021 జనవరి 1 నాటి బ్రిటిష్ జాబితాలో అది తొలిసారి మొదటి స్థానం చేరింది. 2023లో, మళ్ళీ 2024లో క్రిస్మస్ నాటి మొదటి పాటగా నిలిచింది. దీనికి అసలు కారణం లెక్కించే పద్ధతి. 2014 నుంచి బ్రిటన్‌లో అంతర్జాలంలో విన్న ప్రతిసారీ లెక్కలోకి వస్తుంది. పూర్వం రికార్డును ఒకసారి కొన్నవాడు మళ్ళీ కొనడు, ఇప్పుడు ఏటా వింటాడు. పాత పాట ఏటేటా బతికిరావడానికి దారి అది. అయినా ద్వేషపు ముసుగులోని ఇష్టం ఆ దారిని మరికొంత సుగమం చేసిందని అనుకోవడంలో తప్పులేదు.

అసలు పాఠం ఏది?

రెండో నియమాన్ని పాఠపరిష్కర్తలు తప్పక మెచ్చుకొంటారు. మూల గాయకుల గొంతు మాత్రమే పాట, ఇతరులు పాడింది పాట కాదట. ఈ పాటను పాడినవారిలో టేలర్ స్విఫ్ట్, అరియానా గ్రాండే వంటి ప్రసిద్ధులు ఉన్నారు. వారి గొంతులో మాటలు దాదాపు అవే, వరుస దాదాపు అదే, అయినా దోషం లేదు. అంటే ఈ ఆటలో కృతి అంటే సాహిత్యమూ కాదు, బాణీ కూడా కాదు. 1984లో లండనులో ముద్రితమైన ఒకానొక ధ్వని మాత్రమే కృతి.

అమెరికాలో దీనికి జోడీ అనదగిన మరొక ఆట ఉంది. అక్కడ తప్పించుకోవలసింది 'ది లిటిల్ డ్రమ్మర్ బాయ్' అనే పాటను. కేథరిన్ డేవిస్ 1941లో రాసిన ఈ పాటను 1958లో హ్యారీ సిమియోన్ బృందం ఇంటింటికీ చేర్చింది. ఈ ఆటలో ఎవరు పాడినా పాటే, ఏ రూపంలో విన్నా ఓటమే. ఈ రెండు ఆటల నడుమ ఉన్న భేదం లిఖిత సంప్రదాయానికీ మౌఖిక సంప్రదాయానికీ ఉన్న భేదం వంటిది. జానపద గేయానికి మూలప్రతి ఉండదు. బరంపురంలో పాడే జోలపాటకూ మదురైలో పాడే జోలపాటకూ చరణాలు మారినా అది ఆ పాటే అంటాం. రికార్డు యుగపు పాటకు ఆ వెసులుబాటు పోయింది. 'లాస్ట్ క్రిస్మస్' ఆట పాటను శిలాశాసనంగా చూస్తుంది, రెండోది గాలిలో తిరిగే గేయంగా చూస్తుంది. విమర్శకులుగా మేము రెండో ఆటవైపు మొగ్గుతున్నాము. అది కఠినమైనదే కాక, పాట అంటే ఏమిటో కూడా అదే ఎక్కువ ఎరుగును.

గుర్తుపట్టడం అంటే

మూడో నియమం మమ్మల్ని భాషాశాస్త్రంలోకి తీసుకుపోతుంది. మాట పూర్తిగా వినకముందే శ్రోత దాన్ని పోల్చుకొంటాడని 1980లో ఫ్రాంస్వా గ్రోజాన్ చేసిన పరీక్షలు చూపాయి. ఒక మాటను మొదటి నుంచి చిన్న చిన్న ముక్కలుగా పెంచుతూ వినిపిస్తే, తెలిసిన భాషలో శ్రోత చివరి ధ్వని దాకా ఆగనక్కరలేదు. సందర్భం తోడైతే మరింత ముందే చెప్పగలడు. సంగీతం విషయంలో 2010లో కెరొల్ క్రుమ్‌హాన్సల్ ఇటువంటి పరిశీలనే చేసింది. ప్రసిద్ధమైన పాటల నుంచి సెకనులో సగం కూడా లేని ముక్కలను వినిపించినా శ్రోతలు గణనీయమైన సంఖ్యలో పాటనూ గాయకుణ్ణీ చెప్పగలిగారు. కాబట్టి చెవులు మూసుకొని పరుగెత్తే ఆటగాడు నిజానికి అప్పటికే ఓడిపోయి ఉంటాడు. చెయ్యి చెవి దాకా వెళ్ళేలోపలే మనస్సు పని ముగించి ఉంటుంది.

దీనినుంచి తేలే మరొక సంగతి మరీ ముఖ్యమైనది. పాట తెలియనివాడు ఈ ఆటలో ఎన్నటికీ ఓడడు. యానాంలోనో రాయగడలోనో ఆ పాటను ఎన్నడూ విని ఎరగని ముసలమ్మ డిసెంబరు నెలంతా దుకాణంలో కూర్చున్నా ఆమెదే గెలుపు. గుర్తుపట్టాలంటే ముందు అది మనదై ఉండాలి. ఓటమికి అర్హత ఆ పాటతో ఉన్న పాత పరిచయం. ఆట బయటికి చెప్పకపోయినా, ఆడేవారందరూ ఒకే పాటను కంఠస్థం చేసిన ఒక సమాజమని దాని నిబంధనలే ఒప్పుకొంటున్నాయి.

దోషవిచారం

ఆటలో మెచ్చుకోదగినవి చెప్పాము. లోపాలు కూడా చెప్పాలి. వాటిలో మొదటిది, ఇది తప్పుకొని పోగలిగినవారి ఆట. వస్త్రదుకాణంలో పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసే అమ్మాయి డిసెంబరు 1వ తేదీ మధ్యాహ్నానికే ఓడిపోతుంది. ఆ తరువాత కూడా ఆ పాటను రోజుకు పలుమార్లు వినవలసిందే. ఆమెకు అది ఆట కాదు, ఉద్యోగంలో ఒక భాగం. బజారులో ఏమి మోగాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్నను ఈ ఆట తాకుతుంది గాని, నవ్వుతూ దాటిపోతుంది. చెవికి రెప్ప లేదు. చూడనిచ్చగించనివాడు కన్ను మూసుకోగలడు, విననిచ్చగించనివాడు ఊరు విడవాలి.

రెండోది, పాటకు ఉండవలసిన కాలమర్యాదను ఇది ప్రశ్నించదు. అదే డిసెంబరు నడుమ మనకు ధనుర్మాసం మొదలవుతుంది. తమిళనాట స్థిరపడిన తెలుగువారికి తెలిసినట్లే తిరుప్పావైలో ముప్పై పాశురాలు, రోజుకొకటి. నేటి పాట రేపు ముఖ్యం కాదు. హరిదాసు గుమ్మం ముందు కాసేపు నిలిచి పాడి పక్క ఇంటికి పోతాడు. చర్చిలో పండుగనాడు పాడే కీర్తన కూడా అంతే. పురుషోత్తమ చౌదరి కీర్తనను తప్పించుకొనే ఆట ఎవరూ కట్టలేదు, కట్టనవసరం రాలేదు. అది తన వేళకు వచ్చి తన వేళకు పోతుంది. వేళాపాళా లేకుండా మోగినప్పుడే మంచి పాటకైనా శత్రువులు పుడతారు. 'లాస్ట్ క్రిస్మస్' చెడ్డ పాట కాదు, దాన్ని వాడుకొనే తీరు చెడ్డది. ఆట ఆ తీరును వదిలి పాటనే దోషిని చేసింది.

మన వైపు నుంచి

ఇప్పుడు మా అసలు మాట. ఒక పాటను తప్పించుకోవడం ఆటగా మారాలంటే ముందు ఆ పాట అంతటా నిండి ఉండాలి. ఎడారిలో ఉన్నవాడు వానలో తడవకుండా ఉండే ఆట ఆడలేడు. ఇంగ్లీషు పాటకు ఆ సమృద్ధి ఉంది గనుక దాని సొంతదారులు దాన్ని వద్దనుకొనే వినోదాన్ని అనుభవిస్తున్నారు. హోసూరులోనో, గంజాంలోనో, షోలాపూరులోనో ఉన్న తెలుగు పిల్లలకు తెలుగు వినికిడి విషయంలో ఆ సమృద్ధి లేదు. 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కారు వచ్చినప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ మోగిన మాట నిజమే. కాని సినిమాపాట పండుగ వంటిది, వచ్చి పోతుంది. అంగడిలో బేరం, బస్సులో తగాదా, పెరట్లో పిలుపు, చావుఇంట పరామర్శ, వీటిలో వినిపించే తెలుగు వేరు. కోరకుండా చెవిని పడే తెలుగు అది. తరం తరానికీ తగ్గుతున్నది అదే.

అందుచేత మన విద్యార్థుల ముందు ఈ ఆటను తలకిందులు చేసి పెడుతున్నాము. అక్కడ గుర్తుపట్టడం ఓటమి. మనకు గుర్తుపట్టలేకపోవడం ఓటమి. ఇంట్లో నాయనమ్మ వాడే మాట బజారులో మరొకరి నోట వచ్చినప్పుడు 'ఇది మన మాట' అని మనవరాలికి తట్టకపోతే, వామగెడ్డన్ లెక్కన ఆమె గెలిచినట్లు. భాష లెక్కన ఇంటిల్లిపాదీ ఓడినట్లు. అంత నెమ్మదిగా, ఎవరూ చాటుకోకుండా జరిగే ఓటమి ఇది. నాలుగో నియమం మనకు కూడా ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

ఈ డిసెంబరు 1 నుంచి 24 దాకా మా విభాగం విద్యార్థులు ఒక చిన్న పని చేయాలని కోరుతున్నాము. ఇంటి గడప దాటిన తరువాత, తాము వెదకకుండా, అడగకుండా చెవిన పడిన తెలుగు మాటలను తేదీ, చోటు, సందర్భంతో సహా రాసిపెట్టండి. మాట్లాడినవారి పేరు అక్కరలేదు, మాట ఉన్నది ఉన్నట్లు కావాలి. కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో కలిసిన తెలుగైతే ఆ కలయికతోనే రాయండి, దిద్దవద్దు. మొదటి మాట ఎన్నో రోజున వినబడిందో పై వరసలో వేయండి. రెండో రోజే వినబడినవారు ఆ సంగతి తోటివారికి గర్వంగా చెప్పుకోవచ్చు. ఇరవైనాలుగు రోజులూ ఖాళీగా మిగిలిన పుటలను కూడా మాకు పంపండి. అవి కూడా పరిశోధనకు పనికివచ్చే సామగ్రే.